నలభై రెండుకు ఒకటి

తొలకరి పడగానే తనకల్లు మండలంలో మెట్టరైతు ఏం చేస్తాడు? సబ్సిడీ విత్తన కాయల కోసం క్యూలో నిలబడతాడు. అవి చాలకపోతే వడ్డీకి తెచ్చి బయట కొంటాడు. అదును చూసి శెనక్కాయ విత్తుతాడు. ఆ తరవాత చేసేదేముంది... మబ్బు వంక చూడటమే! ఊడలు దిగే వేళకు ఓ పదును వాన పడాలి. పడొచ్చు, పడకపోనూ వచ్చు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల పేర్లు చెప్పమంటే రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరవాత పెద్దలు చెప్పే పేరు అనంతపురం. 2022లో జిల్లాల్ని విడగొట్టాక తనకల్లు శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారిందిగానీ మబ్బు తీరు మారలేదు. వరసగా పంట పోయినా, మళ్లీ జూన్ వచ్చేసరికి విత్తనం పట్టుకుని చేలో దిగే ఆ మనిషిని పందేల లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే 'నీ మీద రూపాయి కూడా కాయను' అంటారు. అయినా కొన్నేళ్లు పండుతుంది. బళ్లకొద్దీ కాయ ఇంటికొస్తుంది.

'వీడు గెలవడు' అని లోకమంతా తేల్చేసిన మనిషికి ఒక వెల కట్టి, దాన్ని అంకెల్లో రాసి అందరికీ కనపడేలా పెట్టే చోటు ఒకటుంది. అది ప్రొఫెషనల్ బాక్సింగ్. ఒలింపిక్స్‌లో మనం చూసే బాక్సింగ్ వేరు. అక్కడ మూడు రౌండ్లు, పతకం. ఇక్కడ పన్నెండు రౌండ్లు, నడుముకు చాంపియన్ బెల్టు, కోట్ల డాలర్లు. పోటీకి నెల ముందే లాస్‌వెగాస్ కేసినోలు ఎవరి మీద రూపాయి పెడితే ఎంతొస్తుందో ప్రకటిస్తాయి. రెండుకు ఒకటంటే కాస్త బలహీనుడని. పదికి ఒకటంటే దాదాపు ఆశ లేదని. మరి నలభై రెండుకు ఒకటంటే?

ఆ అంకె ఒక్క మనిషి పేరు పక్కన పడింది. ఆ పేరు ఇప్పటికీ దాంతోపాటే గుర్తుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం... టోక్యో

1990 ఫిబ్రవరి 11. ఆదివారం. టోక్యో డోమ్‌లో పోటీ పట్టపగలు పెట్టారు. అమెరికాలో శనివారం రాత్రి జనం టీవీల ముందు కూర్చునే వేళకు సరిపోవాలి కదా! ఒక మూల మైక్ టైసన్. వయసు 23. ఆడిన 37 పోటీల్లో 37 గెలుపులు, అందులో 33 నాకౌట్లు. ఇరవయ్యేళ్లకే హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్. అంత చిన్న వయసులో ఆ బెల్టు కట్టుకున్నవాడు అంతకు ముందు లేడు. అంతవరకూ ఓటమే ఎరగని మైకేల్ స్పింక్స్‌ను 1988లో 91 సెకన్లలో పడగొట్టాడు. టీ కలుపుకుని టీవీ ముందుకు వచ్చేసరికి పోటీ అయిపోయింది! ప్రత్యర్థులు రింగులోకి రాకముందే సగం ఓడిపోయి వచ్చేవాళ్లు.

మన తెలుగువాళ్లకు టైసన్ రెండు రకాలుగా పరిచయం. 1997లో హోలీఫీల్డ్ చెవి కొరికినవాడిగా ఒకటి. 2022లో పూరీ జగన్నాథ్ తీసిన 'లైగర్'లో విజయ్ దేవరకొండ ఎదుట నిలబడ్డ పెద్దాయనగా రెండోది. ఈ రెండింటికీ ముందు, 1980ల చివర్లో అతనంటే ఎంత హడలో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

రెండో మూల జేమ్స్ 'బస్టర్' డగ్లస్. ఒహాయో రాష్ట్రం కొలంబస్ కుర్రాడు. వయసు 29. తండ్రి బిల్ డగ్లస్ కూడా బాక్సరే, ఎదుటివాడిని నిలువునా భయపెట్టే రకం. కొడుక్కి ఆ కసి లేదనేవాళ్లు. మంచి పొడుగు, మంచి చేతులు, ఒళ్లు దాచుకునే స్వభావం... ఇదీ అతని మీదున్న పేరు. 1987లో టోనీ టక్కర్‌తో టైటిల్ పోటీలో బాగానే ఆడుతూ పదో రౌండ్లో చేతులెత్తేశాడు. అప్పటికే నాలుగు ఓటములు. అతన్ని టైసన్ ముందుకు తెచ్చింది గెలుస్తాడని కాదు. అసలు పోటీ జూన్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో జరగాలి. దానికి ముందు టైసన్ ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి ఓ మనిషి కావాలి. పెళ్లి భోజనానికి ముందు మజ్జిగలాంటివాడన్నమాట!

పందేలు కట్టే కేసినోలు చాలావరకు ఈ పోటీని పట్టించుకోనే లేదు. ఫలితం తెలిసిపోయిన దాని మీద పందెమేమిటని. లాస్‌వెగాస్‌లో మిరాజ్ మాత్రం లెక్క పెట్టింది. మొదట ఇరవై ఏడుకు ఒకటి. అయినా అందరూ టైసన్ మీదే కాస్తుంటే పెంచుకుంటూ పోయింది. చివరికి నలభై రెండుకు ఒకటి దగ్గర ఆగింది. అంటే డగ్లస్ మీద వంద పెడితే, గెలిస్తే నాలుగువేల రెండొందలు. అంత ఆశ చూపినా కాసినవాళ్లు కొద్దిమందే.

అమ్మ చెప్పిన మాట

టోక్యో పోటీకి సరిగ్గా 23 రోజుల ముందు, కొలంబస్‌లో డగ్లస్ తల్లి లూలా పెర్ల్ కన్నుమూసింది. తన కొడుకు టైసన్‌ను ఓడించబోతున్నాడని కనపడినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగిందట ఆవిడ. విన్నవాళ్లు తల్లి ప్రేమ అనుకుని నవ్వుకుని ఉంటారు. భార్యతో అప్పటికే ఎడబాటు. కొడుకు తల్లికి కిడ్నీ జబ్బు. పోటీ వాయిదా వేసుకుంటావా అంటే డగ్లస్ వద్దన్నాడు. దుఃఖమంతా సాధనలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి, చివరిసారి కూడా, అంత ఒళ్లు వంచి తయారయ్యాడు.

అటు చూస్తే... టైసన్‌కు పద్ధతి నేర్పి పైకి తెచ్చిన కోచ్ కెవిన్ రూనీని 1988లోనే పంపేశారు. మూలన కొత్త మనుషులు. టోక్యోలో జనం ముందు సాధన చేస్తుండగా గ్రెగ్ పేజ్ అనే తోటి బాక్సర్ టైసన్‌ను ఒకసారి కింద పడేశాడు. ఆ వార్త పేపర్లలో వచ్చింది. అయినా ఎవరూ లెక్కల్లో మార్పు చెయ్యలేదు. కళ్లముందున్నది చూసేకంటే పాత పేరును నమ్మడం తేలిక మరి.

గంట మోగింది. మొదటి నిమిషంలోనే తేడా తెలిసిపోయింది. డగ్లస్ భయపడటంలేదు! ఎడమచేయి చాచి జాబ్... అంటే నిటారుగా విసిరే చురుకైన పంచ్... మీద జాబ్ వేస్తున్నాడు. టైసన్ చేతులు చాస్తే 71 అంగుళాలు. డగ్లస్‌వి 83 అంగుళాలు. పొట్టి మనిషి ఆ జాబ్ దాటి లోపలికి వస్తేగానీ కొట్టలేడు. రాబోయినప్పుడల్లా ముఖం మీద ఇంకొకటి. పాత టైసన్ అయితే తల అటూ ఇటూ ఊపుతూ కిందినుంచి దూరేవాడు. రూనీతోపాటు ఆ అలవాటూ పోయింది. తల కదపకుండా నిటారుగా వస్తున్నాడు, దెబ్బలు తింటున్నాడు.

అయిదో రౌండయ్యేసరికి టైసన్ ఎడమకన్ను వాచిపోసాగింది. ఇలాంటప్పుడు మూలన ఉండేవాళ్లు బాగా చల్లబరిచిన చిన్న ఇనుపముక్కతో వాపును అణుస్తారు. ఏ చిన్న పోటీకైనా పెట్టెలో అది ఉండాల్సిందే. ప్రపంచ చాంపియన్ మూలలో అది లేదు. తెచ్చుకోలేదు! రబ్బరు తొడుగులో మంచునీళ్లు పోసి కంటికి ఒత్తారు. ఓటమి వస్తుందని ఊహే లేని బృందం ఎలా ఉంటుందో ఇంతకంటే ఏం చెప్పాలి?

ఎనిమిదో రౌండ్ చివర్లో మాత్రం కథ ముగిసినంత పనైంది. గోడకు చేరేసిన పులిలా ఉన్న టైసన్ కింది నుంచి ఒక అప్పర్‌కట్ విసిరాడు. డగ్లస్ వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు కోపంతో నేలను పిడికిలితో గుద్దాడు. రిఫరీ ఆక్టేవియో మేరాన్ లెక్కపెడుతుంటే అతని వేళ్లవంకే చూస్తూ, తొమ్మిది దగ్గర లేచాడు. వెంటనే గంట మోగింది. బతికిపోయాడు.

అందరూ అనుకున్నదేమిటి? తొమ్మిదో రౌండ్లో టైసన్ వచ్చి పని ముగిస్తాడని. టైసన్ వచ్చాడు కూడా. డగ్లస్ అతన్ని తాళ్లమీదకు నెట్టి ఉతికేశాడు. పదో రౌండ్లో ముందు ఒక అప్పర్‌కట్... టైసన్ తల వెనక్కి విరిగినట్టు ఎగిరింది... ఆ వెంటనే వరసగా నాలుగు పంచ్‌లు. జీవితంలో మొదటిసారి మైక్ టైసన్ నేలమీద పడ్డాడు. నోట్లోంచి జారిన మౌత్‌పీస్‌ను గుడ్డివాడిలా తడుముకుంటూ, దొరికాక దాని ఒక కొసను పంటికింద పెట్టుకుని లేవబోయాడు. రిఫరీ అతన్ని రెండు చేతులా పట్టుకుని ఆపేశాడు. డోమ్‌లో కేకలు లేవు. ఏం చూశామో అర్థం కాక జపాన్ జనం కాసేపు అలాగే ఉండిపోయారు.

'ఒక్క దెబ్బ తగిలింది, అదృష్టం' అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్లు ఆ పోటీ చూడలేదన్నమాటే. మొదటి రౌండు నుంచీ ఆట డగ్లస్‌దే. తమాషా ఏమిటంటే, అంతా అయ్యాక జడ్జీల కాగితాలు తీసి చూస్తే తొమ్మిది రౌండ్లకు ఒకరు డగ్లస్ 88-82 అని రాశారు. ఇంకొకరు 86-86, సమానమన్నారు. మూడో ఆయన కాగితంలో టైసన్ 87-86తో ముందున్నాడు! కన్ను మూసుకుపోయి తాళ్లమీద వేలాడుతున్న మనిషి ముందున్నాడట. పెద్దపేరు జడ్జీల కళ్లకు కూడా కంతలు కడుతుంది కాబోలు.

ప్రమోటర్ డాన్ కింగ్ ఆ రాత్రే గొడవ మొదలెట్టాడు. ఎనిమిదో రౌండ్లో రిఫరీ లెక్క నెమ్మదిగా సాగిందనీ, టైమ్‌కీపర్ లెక్క ప్రకారం డగ్లస్ అప్పటికే ఓడిపోయాడనీ వాదన. కానీ పడ్డవాడు వినాల్సింది రిఫరీ లెక్కనే, టైమ్‌కీపర్ లెక్కను కాదు. బాక్సింగ్ సంస్థలు రెండు మొదట కింగ్ మాట విని బెల్టు ఇవ్వకుండా ఆపాయి. లోకమంతా దుమ్మెత్తిపోసేసరికి కొద్దిరోజుల్లోనే తలొగ్గాయి. ఎలా గెలిచావని టీవీవాళ్లు అడిగితే డగ్లస్ చెప్పింది ఒకటే... అమ్మ. ఆ మాట అంటూ ఏడ్చేశాడు.

గెలిచిన తెల్లారి

ఇక్కడితో ఆపేస్తే సినిమా. మన సినిమాల్లో హీరో ఇంటర్వెల్ దాకా దెబ్బలు తిని, క్లైమాక్సులో లేచి కొడతాడు. 'తమ్ముడు' నుంచి 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి' దాకా అంతే. శుభం కార్డు పడ్డాక అతనేమయ్యాడో ఎవరూ అడగరు. నిజం రింగులో మాత్రం శుభం కార్డు తరవాతే అసలు కష్టం.

డగ్లస్‌కు టోక్యోలో ముట్టింది సుమారు 13 లక్షల డాలర్లు. ఎనిమిదిన్నర నెలల తరవాత హోలీఫీల్డ్‌తో పోటీకి అతనికి దక్కిన మొత్తం దాదాపు రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు! ఈ మధ్యకాలంలో కోర్టు వ్యాజ్యాలు, ప్రమోటర్లతో తగాదాలు, విందులు. 1990 అక్టోబరు 25న లాస్‌వెగాస్‌లో... అదీ నలభై రెండుకు ఒకటని రాసిన అదే మిరాజ్‌లో... రింగులోకి వచ్చిన డగ్లస్ బరువు 246 పౌండ్లు. టోక్యోకన్నా పద్నాలుగు పౌండ్లకు పైగా ఎక్కువ. మూడో రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బకు పడ్డాడు. లేవలేదు. లేవడానికి గట్టిగా ప్రయత్నించలేదని చూసినవాళ్లు తిట్టిపోశారు. ఆ తరవాత ఆరేళ్లు రింగు మొహం చూడలేదు. ఒళ్లు ఇంకా పెరిగింది. 1994లో షుగర్ వ్యాధితో కోమాలోకి వెళ్లి చావు అంచుదాకా పోయి వచ్చాడు. తేరుకుని, బరువు తగ్గించుకుని, 1996లో మళ్లీ గ్లవ్స్ తొడిగి మూడేళ్లు చిన్నచిన్న పోటీలు ఆడాడు. తరవాత సొంతూరు కొలంబస్‌లో పిల్లలకు బాక్సింగ్ నేర్పే పనిలో పడ్డాడు.

అతన్ని తిట్టడం తేలిక. తల్లి పోయిన బాధ ఒక్కటే అతన్ని ఆ రాత్రి నిలబెట్టింది. అది తీరాక మళ్లీ అంత కసి ఎక్కడినుంచి తెస్తాడు?

డగ్లస్ ఒక్కడే కాదు. ఎవరూ ఊహించని గెలుపు సాధించినవాళ్లలో చాలామంది బెల్టు ఏడాది కూడా దాచుకోలేకపోయారు. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ అప్పటికి ఏడే ఏడు ప్రొఫెషనల్ పోటీలు ఆడినవాడు. ఏకంగా మహమ్మద్ అలీనే ఓడించాడు. ఏడు నెలల్లో అలీ బెల్టు తిరిగి తీసేసుకున్నాడు. 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలోని బ్రాక్‌పాన్‌లో హసీమ్ రహ్మాన్ ఇరవైకి ఒకటి లెక్కలో దిగి లెన్నాక్స్ లూయిస్‌ను అయిదో రౌండ్లో పడగొట్టాడు. ఆ ఊరు సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉంటుంది, గాలి పల్చన. రహ్మాన్ ముందే వచ్చి ఆ గాలికి అలవాటుపడ్డాడు. లూయిస్ అంతకుముందు హాలీవుడ్ సినిమా 'ఓషన్స్ ఎలెవెన్'లో నటించే పనిలో ఉండి ఆలస్యంగా దిగాడు. ఫలితం అనుభవించాడు. కానీ నవంబరులో రెండోసారి ఎదురుపడితే రహ్మాన్ నాలుగో రౌండ్లోనే కూలాడు.

ఆండీ రూయిజ్ కథ ఇంకా చిత్రం. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో ఆంథోనీ జాషువా అమెరికా అరంగేట్రం. చెక్కిన శిల్పంలాంటి ఒళ్లు, 22కు 22 గెలుపులు. ఎదుట ఉండాల్సినవాడు మత్తుపదార్థాల పరీక్షలో దొరికిపోయాడు. ఆ ఖాళీ నాకివ్వండని రూయిజ్ ప్రమోటర్‌కు తనే మెసేజ్ పెట్టుకున్నాడు. మెక్సికో మూలాలున్న కుర్రాడు, 268 పౌండ్లు, నిక్కరు మీదకు జారే పొట్ట. చూసి నవ్వనివాళ్లు లేరు. మూడో రౌండ్లో తను ఒకసారి పడి లేచి, అదే రౌండ్లో జాషువాను రెండుసార్లు పడేశాడు. ఏడో రౌండ్లో మరో రెండుసార్లు. అంతే! పొట్ట చూసినవాళ్లు అతని చేతుల వేగం చూడలేదు. ఆర్నెల్లకు సౌదీలో మళ్లీ పోటీ. ఈసారి రూయిజ్ 283 పౌండ్లు. ఓడాక దాచుకోకుండా ఒప్పుకున్నాడు... మూడు నెలలు విందుల్లోనే గడిచిపోయాయని.

ఎడమచేతి కూలి

అందరూ అలాగే అయ్యారా? లేదు. ఒకాయన ఉన్నాడు, జేమ్స్ బ్రాడాక్.

ఈయన కథ మన కరువు సీమలో చెబితే వెంటనే అర్థమవుతుంది. 1929లో లైట్ హెవీవెయిట్ టైటిల్ పోటీలో ఓడాడు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. కోట్లమందికి పనిపోయింది. దాచుకున్నదీ ఊడ్చుకుపోయింది. బ్రాడాక్ వరసగా ఓడుతూ వచ్చాడు. కుడిచేయి పదేపదే విరిగింది. భార్య మే, ముగ్గురు చిన్నపిల్లలు. బాక్సింగ్ కుదరక న్యూజెర్సీ రేవులో ఓడల సరుకు మోసే కూలికి వెళ్లాడు. పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. చివరికి ప్రభుత్వం పేదలకిచ్చే సహాయం కోసం చెయ్యి చాచాడు. మన దగ్గర వర్షాలు పోయిన ఏడు కరువు పనికి పోయిన పెద్దరైతు మొహం గుర్తు చేసుకోండి.

కుడిచేయి దెబ్బతినడంతో రేవులో బరువులన్నీ ఎడమచేత్తో లాగాల్సొచ్చింది. అంతకుముందు ఆ ఎడమచేయి అలంకారానికే ఉండేది. కూలి దాన్ని ఇనుముగా మార్చింది. ఇది ఏ కోచ్ ఇచ్చిన శిక్షణా కాదు.

1934 జూన్ 14న న్యూయార్క్‌లో మాక్స్ బేర్ అనే భీకరుడు హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి అసలు పోటీకి ముందు జనం వచ్చి కూర్చునేదాకా జరిపే చిన్న పోటీ ఒకదానికి మనిషి కావాల్సొచ్చింది. రెండ్రోజుల ముందు కబురు పెడితే బ్రాడాక్ వచ్చాడు. 250 డాలర్లిస్తామన్నారు. కార్న్ గ్రిఫిన్ అనే కుర్రాడికి మెట్టుగా వాడుకుందామని వాళ్ల ఆలోచన. బ్రాడాక్ మూడో రౌండ్లో గ్రిఫిన్‌ను ముగించాడు. తరవాత మరో రెండు పోటీలూ గెలిచాడు. సరిగ్గా ఏడాదికి, 1935 జూన్ 13న, అదే మాక్స్ బేర్ ఎదుట చాంపియన్ పోటీకి నిలబడ్డాడు! లెక్క పదికి ఒకటి. బేర్ రింగులో కోతిచేష్టలు చేస్తూ జనాన్ని నవ్వించాడు. బ్రాడాక్ ఎడమచేయి మాత్రం పదిహేను రౌండ్లూ ఆగలేదు. ముగ్గురూ గెలుపు బ్రాడాక్‌దేనన్నారు.

చేతిలో డబ్బు ఆడగానే ఆయన చేసిన పని... ప్రభుత్వం దగ్గర తీసుకున్న సహాయం మొత్తాన్ని తిరిగి కట్టేయడం. ఆ రోజుల్లో అలా కట్టమని అడిగినవాళ్లెవరూ లేరు.

చాంపియన్ పీఠం ఆయన దగ్గర రెండేళ్లుంది. 1937 జూన్‌లో ఎదురొచ్చినవాడు జో లూయిస్. బాక్సింగ్ చరిత్రలోనే గొప్పవాళ్లలో ఒకడు. ఓడిపోతానని బ్రాడాక్ బృందానికి తెలుసు. అందుకే పోటీకి ఒప్పుకునే ముందు ఓ ఒప్పందం రాయించుకున్నారు... రాబోయే పదేళ్లు లూయిస్ ప్రమోటర్‌కు హెవీవెయిట్ పోటీల మీద వచ్చే లాభంలో పదో వంతు బ్రాడాక్‌కు ఇవ్వాలని. మొదటి రౌండ్లో లూయిస్‌ను కింద పడేసి మరీ, ఎనిమిదో రౌండ్లో ఓడాడు. ముసలితనంలో ఆకలి తెలియకుండా 1974లో కన్నుమూశాడు. 2005లో ఆయన మీద 'సిండరెల్లా మ్యాన్' సినిమా వచ్చింది. దొరికితే ఇంటిల్లిపాదీ చూడొచ్చు.

ఆకలి ఎలా ఉంటుందో బ్రాడాక్ మరచిపోలేదు. డగ్లస్‌కూ, రూయిజ్‌కూ లేనిది అదేనేమో.

మన గడ్డ మీద

ఇండియాలో ప్రొఫెషనల్ బాక్సింగ్ అంటే ఎక్కువమంది చెప్పే పేరు విజేందర్ సింగ్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చి, 2015లో ప్రొఫెషనల్‌గా మారాడు. వరసగా పన్నెండు గెలుపులు. పదమూడో పోటీ 2021 మార్చి 19న గోవాలో, పణజి దగ్గర నీళ్లమీద నిలిపిన కేసినో ఓడ పైకప్పు మీద. ఎదుట ఆర్టిష్ లోప్సాన్ అనే రష్యా కుర్రాడు. ఇక్కడెవరూ పేరు విని ఉండరు. పొడుగ్గా ఉన్నాడనే తప్ప ఎవరూ పట్టించుకోలేదు. అయిదో రౌండ్లో విజేందర్ ఓడిపోయాడు. మర్నాడు పేపర్లన్నీ 'సంచలనం' అన్నాయి. కానీ విజేందర్ అంతకుముందు రింగులో దిగింది 2019 నవంబరులో. మధ్యలో కరోనా. పదహారు నెలలు పోటీ లేని బాక్సర్ దగ్గర పాత పదును ఉండదు, పేరు మాత్రం ఉంటుంది. జనం ఆ పేరు మీదే పందెం కట్టారు.

ఇక మన తెలుగుగడ్డ మీద బాక్సింగ్ అంటే నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. ఆమెది డబ్బు బాక్సింగ్ కాదు, పతకాల బాక్సింగ్. అయినా ఈ కథలో చోటు ఆమెకు హక్కుగా వస్తుంది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017లో భుజం గాయం, ఆపరేషన్. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్లేదెవరో తేల్చడానికి మేరీ కోమ్‌తో ట్రయల్ పెట్టాలని పట్టుబట్టి సాధించింది. ఆ ట్రయల్‌లో 9-1 తేడాతో ఓడింది. 'ఇంత గొడవ చేసి ఇదేనా' అని నవ్వినవాళ్లున్నారు.

ఆ నవ్వు ఆగింది ఇస్తాంబుల్‌లో. 2021 మార్చిలో అక్కడ జరిగిన బాస్ఫరస్ టోర్నీలో నిఖత్ రష్యాకు చెందిన ప్రపంచ చాంపియన్ పాల్ట్‌సేవాను ఓడించింది. తరవాతి పోటీలో కజకిస్థాన్‌కు చెందిన రెండుసార్ల ప్రపంచ చాంపియన్ కిజైబేనూ ఓడించింది. ఒక్క టోర్నీలో ఇద్దరు ప్రపంచ చాంపియన్లు! చేతికి వచ్చింది కాంస్యమే గనక మన పేపర్లలో చిన్న వార్తగా పోయింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ సెమీఫైనల్లో టోక్యో ఒలింపిక్స్ రజత విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లును 4-1తో ఓడించింది. మే 19న మళ్లీ అదే ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యింది. అప్పుడు ఊరూరా ఫ్లెక్సీలు వెలిశాయి. ముందు రెండు వార్తలూ చదివినవాళ్లకు ఆ స్వర్ణం ఆశ్చర్యం కలిగించలేదు.

మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ ప్రపంచ స్వర్ణం. డగ్లస్‌లా ఆమె ఒక్క గెలుపుతో ఆగలేదు. ఇక 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం ఖాయమని ఇంటింటా టీవీల ముందు కూర్చున్నారు. ఆమెకు అక్కడ సీడింగ్ దక్కలేదు. సీడింగ్ లేనివాళ్లకు పెద్ద ప్రత్యర్థి ఎప్పుడైనా ఎదురుకావచ్చు. మొదటి పోటీలో జర్మనీ అమ్మాయిని 5-0తో గెలిచింది. ఆగస్టు 1న, రెండో పోటీకే, ఆ బరువులో టాప్ సీడ్ అయిన చైనా బాక్సర్ వూ యూ ఎదురుపడింది. అయిదుగురు జడ్జీలూ వూ యూ వైపే రాశారు. ఓడాక నిఖత్ కళ్లనీళ్లు పెట్టుకుంది. మన దగ్గర ఆ రాత్రి వార్తల్లో వినిపించిన మాట 'షాక్'.

ఎనిమిది రోజుల తరవాత ఫైనల్ జరిగింది. వూ యూ స్వర్ణం గెలిచింది. ఫైనల్లో ఆమె చేతిలో ఓడి రజతంతో నిలబడింది... రెండేళ్ల కిందట బల్గేరియాలో నిఖత్ ఓడించిన ఆ టర్కీ అమ్మాయి.